తొట్లకొండనుండి ఎఱ్ఱమట్టి దిబ్బలవఱకు

చరిత్ర తామ్రశాసనములలోనే కాక ఱాతిలోను మట్టిలోను గూడ లిఖింపబడియున్నది. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు సముద్రతీరమున బోవు దారి యిందుకు నిదర్శనము. గడచిన సెలవులలో మేము కొందఱు విద్యార్థులతో నా దారిని బోయితిమి.

మొదట తొట్లకొండ నెక్కితిమి. ఇచ్చటి బౌద్ధారామము 1976లో నౌకాదళమువారి సర్వేక్షణమున బయటపడినది. 1988 మొదలు 1993 వఱకు త్రవ్వకములు జరిగినవి. రెండువేల యేండ్ల క్రిందట ఈ కొండపై భిక్షువులు నీటి కేమి చేసిరి? ఱాతిని తొట్లుగా దొలిచి వాననీటిని నిలువ చేసికొనిరి. ఆ తొట్లే కొండకు పేరైనవి.

భీమునిపట్టణమున గోస్తనీనది సాగరమున గలియును. ఆ రేవున 17వ శతాబ్దమున డచ్చివారు వర్తకము సాగించిరి. 1825లో ఊరు ఆంగ్లేయుల వశమైనది. నేడు వారి సమాధులు మిగిలినవి.

తిరుగుదారిలో ఎఱ్ఱమట్టి దిబ్బలయొద్ద నాగితిమి. త్రవ్విన గోతినొకదానిని చూచి యొక బాలుడు, “మేష్టారూ, ఇది మళ్లీ పూడుతుందా అండీ?” అని యడిగెను. పూర్వము హిమయుగమున సముద్రము వెనుకకు దగ్గగా, బయటపడిన యిసుకను గాలి మోసికొనివచ్చి పోసినదనియు, అందలి యినుము త్రుప్పుపట్టి యెఱ్ఱబాఱెననియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అందులకు వేలయేండ్లు పట్టినవి. కూలిన సమాధిని మరల గట్టవచ్చును, దిబ్బను గట్టజాలము.

2025లో నీ దిబ్బలు యునెస్కోవారి తాత్కాలిక జాబితా కెక్కినవి. సంతోషమే. కాని మన యింటికి మెరక వేయు మట్టి యెచ్చటిదని బండివాని నడుగుట మన పని.