సామూహిక ఔషధ పంపిణీ - దుష్ఫలితాలు

పరాన్నజీవులైన పురుగుల వలన కలిగే వ్యాధులు ప్రబలిన ప్రాంతాలలో, వ్యాధి ఎవరికి ఉన్నదో విడివిడిగా పరీక్షించకుండా అర్హులైన వారందరికీ మందు ఇవ్వడాన్ని సామూహిక ఔషధ పంపిణీ అంటారు. దీని వలన కలిగే దుష్ఫలితాలలో చాలావరకు మందు వలన కాక, మందుకు చనిపోయే పురుగుల వలన కలుగుతాయి. అందువలన శరీరంలో పురుగులు ఎక్కువగా ఉన్నవారిలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి.

కారణం

బోదకాలు (ఫైలేరియా) ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. ఈ వ్యాధి సోకిన చాలామందిలో పైకి ఏ లక్షణమూ కనిపించదు. కాని వారి రక్తంలో మైక్రోఫైలేరియాలు అనే సూక్ష్మమైన పిల్లపురుగులు ఉండవచ్చు. డైఇథైల్‌కార్బమజైన్ (డి.ఇ.సి.) మాత్రలు మింగినపుడు ఇవి పెద్దసంఖ్యలో చనిపోతాయి. అప్పుడు విడుదలయ్యే పదార్థాలకు రోగనిరోధక వ్యవస్థ ప్రతిస్పందించడం వలన జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, వికారం కలుగుతాయి. ఇవి సాధారణంగా కొద్ది రోజులలో వాటంతట అవే తగ్గిపోతాయి. పెద్దపురుగులు చనిపోయిన చోట నొప్పి, వాపు రావచ్చు.

తీవ్రమైన దుష్ఫలితాలు

చూపును పోగొట్టే ఆంకోసెర్కియాసిస్ ఉన్నవారికి డి.ఇ.సి. ఇస్తే తీవ్రమైన దురద, దద్దుర్లు రావడమే కాక కంటికి హాని కలుగవచ్చు. దీనిని మజ్జోటి ప్రతిచర్య అంటారు. అందువలన ఆ వ్యాధికి ఐవర్‌మెక్టిన్ వాడతారు. అయితే మధ్య ఆఫ్రికాలోని లోవా లోవా పురుగు మిల్లీలీటరు రక్తంలో 30,000కు మించి ఉన్నవారిలో ఐవర్‌మెక్టిన్ వలన అపస్మారకస్థితి, మరణం కూడా సంభవించవచ్చు. 2015లో కామెరూన్‌లోని ఒకోలా ప్రాంతంలో ముందుగా రక్తపరీక్ష చేసి, 20,000కు మించినవారికి మందు ఇవ్వలేదు. ఇలా మినహాయించినవారు సుమారు 2 శాతం మాత్రమే. మందు తీసుకున్న 15,000 మందికి పైగా ప్రజలలో నాడీసంబంధమైన తీవ్ర దుష్ఫలితాలు కనిపించలేదు.

బద్దెపురుగు తిత్తులు మెదడులో ఉన్నట్లు తెలియనివారికి ప్రాజిక్వాంటెల్ లేదా ఆల్బెండజోల్ ఇచ్చినపుడు మూర్ఛ రావచ్చు.

భారతదేశంలో

ఆంకోసెర్కియాసిస్, లోవా లోవా భారతదేశంలో స్థానిక వ్యాధులు కావు. కనుక ఇక్కడ బోదకాలు నిర్మూలనకు డి.ఇ.సి. వాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌తో సహా వ్యాధి ఉన్న రాష్ట్రాలలో 2004లో ఈ పంపిణీ మొదలైంది. 2007 నుండి ఆల్బెండజోల్ కూడా కలిపి ఇస్తున్నారు.

జాగ్రత్తలు

రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి ఈ మందులు ఇవ్వరు. మాత్రలను పరగడుపున కాక, భోజనం తరువాత వేసుకోవాలి. ఆరోగ్యంగా కనిపించే వ్యక్తికి మాత్ర మింగిన తరువాత జ్వరం వస్తే, మందు మంచిది కాదని ఊరివారు భయపడి మాత్రలు తీసుకొని కూడా మింగకపోవచ్చు. అలా మింగనివారి రక్తం నుండి దోమల ద్వారా వ్యాధి మళ్ళీ ఇతరులకు వ్యాపిస్తుంది. అందువలన జ్వరం రావడానికి కారణాన్ని ప్రజలకు ముందుగానే వివరించడం, బాధ కలిగినవారికి వెంటనే వైద్యం అందించడం ఈ కార్యక్రమంలో ముఖ్యమైన భాగాలు.