లేవిడి తీర్పు - ఉద్దానంలో దాని పర్యవసానం

శ్రీకాకుళం గిరిజనోద్యమాన్ని గురించి వ్రాసినవారిలో చాలామంది నక్సల్బరీతో ప్రారంభిస్తారు. మా ఉద్దేశంలో దానిని ఒక న్యాయస్థానపు తీర్పుతో ప్రారంభించడమే సమంజసం. తుపాకులు అంతకుముందే పేలాయి, నిజమే. కాని న్యాయం కోసం ఎదురుచూసిన జనం ఇక ఎదురుచూడడం మానుకొన్నది ఆ తీర్పు తర్వాతనే.

పార్వతీపురం, పాలకొండ కొండలలోని సవరలు, జాతాపులు మైదానం నుండి వచ్చిన షావుకార్లకు భూములు పోగొట్టుకున్న వృత్తాంతం పాతది. ఉప్పు, పొగాకు, బట్ట అప్పుగా ఇచ్చి, బదులుగా చింతపండు, పోడు పంట తీసుకొనేవారు. అప్పు తీరక చివరకు భూమి పోయేది. దీనిని నిషేధించే చట్టాలు లేకపోలేదు. 1917లో ఒకటి, 1959లో మరొకటి వచ్చాయి. అయినా భూమి చేతులు మారుతూనే ఉంది. గిరిజన సంఘం కూలి రేట్ల కోసం, వెట్టి రద్దు కోసం పనిచేయసాగింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో సంఘం మహాసభకు బయలుదేరిన గిరిజనులను లేవిడి వద్ద భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు మరణించారు. కేసు నడిచింది. 1968లో ముద్దాయిలందరినీ న్యాయస్థానం నిర్దోషులుగా విడిచిపెట్టింది.

ఆ రోజుల్లో మన్యం కేసులు ఎలా నడిచేవో పాఠకులు ఒక్కసారి ఊహించుకోవాలి. సవర సాక్షి తన భాషలో చెప్పిన మాట దుబాసీ నోట తెలుగవుతుంది, న్యాయమూర్తి కలంలో ఇంగ్లీషవుతుంది. ఇరవై ఏండ్లుగా అనువాదం చేస్తున్నవాణ్ణి గనుక చెబుతున్నాను, రెండు మెట్లు దిగేసరికి మాటలోని సందేహం నిశ్చయంగానూ, నిశ్చయం సందేహంగానూ మారిపోవడం కష్టమేమీ కాదు. ఎదుటి పక్షం వకీలుకు అది చాలు.

హజ్రత్ ఉమర్ (రజి) బస్రాలోని అబూ మూసా అష్అరీ (రజి)కి వ్రాసినట్లుగా చెప్పబడే లేఖ మన మదరసాలలో చదివినవారందరికీ తెలిసినదే. ఖాజీ తన చూపులోనూ, కూర్చోబెట్టే తీరులోనూ ఇరుపక్షాలను సమానంగా చూడాలనీ, అప్పుడే బలవంతునికి పక్షపాతం మీద ఆశ కలుగదనీ, బలహీనునికి న్యాయం మీద నిరాశ కలుగదనీ దాని భావం. విద్యార్థిగా ఉన్నప్పుడు మొదటి సగమే మాకు ముఖ్యమనిపించేది. లేవిడి సంగతి తెలిసిన తర్వాత రెండవ సగం బరువు తెలిసింది.

ఆ నిరాశ కొండల్లోనే ఆగిపోలేదు. 1968 నవంబరు 25న గిరిజనులు పెదగొట్టిలిలో ఒక భూస్వామి ఇంటిపై దాడి చేశారు. ఇంచుమించు అదే సమయంలో, అక్కడికి ఎంతో దూరాన సముద్రతీరపు ఉద్దానంలో, గరుడభద్ర వద్ద భూస్వామి పొలంలోని పంటను రైతులు కోసుకున్నారు. కొబ్బరి, జీడి, పనస తోటల ఈ సీమకు పోలీసు తుపాకీ కొత్తది కాదు. 1940 ఏప్రిల్ 1న మందసా జమీందారీలో గుడారి రాజమణిపురం వద్ద జరిగిన కాల్పులలో గున్నమ్మ సహా ఐదుగురు చనిపోయారు. ఆ కథ వింటూ పెరిగినవారికి లేవిడి పరాయి వార్త కాదు. పలాస సమీపంలోని బొడ్డపాడు యువకులు, శివాలయ పూజారిగా ఉంటూ జముకులకథ చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహి ఉద్యమంలోకి వచ్చినది ఈ వాతావరణంలోనే.

తర్వాతి కథ వేగంగా నడిచింది. దళాలు భూస్వాములను, వడ్డీ వ్యాపారులను హతమార్చాయి. ఆ హతులకూ విచారణ దక్కలేదన్నది మరువరాదు. తీర్పు మీద ఆగ్రహించినవారు తామే తీర్పరులు కావడాన్ని మేము సమర్థించలేము. ప్రభుత్వం మాత్రం ఏ న్యాయస్థానాన్ని తాను నిర్వహిస్తున్నదో దానినే పక్కన పెట్టింది. 1969 మే 27న పంచాది కృష్ణమూర్తి, మరి ఆరుగురు సోంపేట ప్రాంతంలో జలంతరకోట వద్ద కాల్పులలో మరణించారు. ఎన్‌కౌంటరని పోలీసులన్నారు. కంచిలి రైల్వే స్టేషనులో పట్టుకొని తీసుకుపోయి కాల్చారని ఉద్యమకారులన్నారు. అదే సంవత్సరం డిసెంబరు 22న పాణిగ్రాహి, కృష్ణమూర్తి భార్య నిర్మల మరణించారు. 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం వంతు వచ్చింది. పార్వతీపురం కుట్రకేసులో బోనెక్కినవారి మాట కోర్టు రికార్డులోనైనా ఉంది. జలంతరకోట వారిది అదీ లేదు.

1970లోనే గిరిజన ప్రాంతపు భూమి గిరిజనునిదేనని ముందుగా భావించి, కాదనేవాడే రుజువు చేసుకోవాలనే రెగ్యులేషన్ వచ్చింది. రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే అనిపించక మానదు.

మనవారికి దగ్గరి ఉదాహరణ మరొకటుంది. 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక ముస్లిం స్త్రీ అత్యాచారానికి గురైంది. రిక్షా కార్మికుడైన ఆమె భర్త పోలీసుల దెబ్బలకు మరణించాడు. నగరం భగ్గుమన్నది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. విచారణను కర్ణాటకలోని రాయచూరుకు మార్చారు. అక్కడి కోర్టు 1981లో నిందితులను విడిచిపెట్టింది. ఆమె వివాహం చెల్లుతుందా అన్న ప్రశ్న కూడా మధ్యలో లేవనెత్తారు. మన షరీఅత్ జ్ఞానాన్ని అలాంటి చోట వాడుకోవడం చూస్తే కడుపు మండుతుంది. అమెరికాలో రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని కొట్టిన పోలీసుల విచారణను కూడా లాస్ ఏంజెలెస్ నగరం నుండి సీమీ వ్యాలీకి మార్చారు. 1992లో తీర్పు వెలువడిన సాయంత్రమే నగరం తగలబడింది. నేరం ఒక చోట, జ్యూరీ మరొక చోట.

ఉద్దానానికి తిరిగి వద్దాం. థర్మల్ విద్యుత్ కేంద్రాలను వ్యతిరేకించిన ప్రజలపై 2010 జూలై 14న సోంపేటలోనూ, 2011 ఫిబ్రవరి 28న టెక్కలి దగ్గరి కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఎన్‌కౌంటర్ మరణాలలో పోలీసులపై కేసు నమోదు చేయాల్సిందేనని 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. 2014లో తానే 16 మార్గదర్శకాలు ఇచ్చింది.

అనువాదకునిగా ఒక చిన్న మాట. ‘ఎన్‌కౌంటర్’ను మన పత్రికలు ‘ఎదురుకాల్పులు’ అని వ్రాయడం అలవాటైంది. ‘ఎదురు’ అన్న ఆ ఒక్క మాటలో చనిపోయినవాడు కూడా కాల్చాడన్న నిర్ధారణ ఉంది. విచారణ జరగకముందే అది అచ్చవుతుంది. జలంతరకోట గురించి వ్రాసేటప్పుడు నేను ‘కాల్పులు’ అని మాత్రమే వ్రాశాను.