పాతకథకు క్రొత్త ఊడలు

నంబులపూలకుంట ప్రాంతమున గూటిబయలువద్ద తిమ్మమ్మ మఱ్ఱిమాను గలదు. సుమారు 5 ఎకరముల మేర వ్యాపించిన యీ వృక్షము 1989లో గిన్నిసు గ్రంథమున కెక్కినది. చూడవచ్చినవారు మొదట అడుగు ప్రశ్న యొకటే: అసలు మాను ఏది? కొమ్మలనుండి దిగిన ఊడలు నేల తాకి, తామే మ్రాకులై, ఇప్పుడా చెట్టును మోయుచున్నవి. చిరకాలము బ్రతికిన కథల చరిత్రయు ఇట్టిదే.

ధర్మవరము సమీపముననున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుల కుటుంబములు గలవు. వారి యాటకు కథ రామాయణము, భారతము. సీతను రావణుడు కొనిపోవునని తెలియని ప్రేక్షకుడు లేడు. అయినను జనులు తెల్లవార్లు కూర్చుండి చూచెడివారు. ఏలయన, గంభీరమైన ఘట్టముల నడుమ జుట్టుపోలిగాడును బంగారక్కయు తెరపైకి వచ్చి, ఊరి తగవులను, ఇంటి రచ్చలను వెక్కిరించెడివారు. వీరిని వాల్మీకి యెరుగడు, వ్యాసుడెరుగడు. నేడు ఆట తగ్గినది. ఆ చేతులే దీపములకు తోలు గుమ్మటములు చేసి అమ్ముచున్నవి. తోలుమీద రాముడు నిలిచినాడు గాని జుట్టుపోలిగాని నోరు మూతపడుచున్నది. నన్నడిగిన, ఆటకు ప్రాణము ఆ నోటనే యుండెను.

వైజ్ఞానిక కల్పనాకథలకును ఈ సూత్రమే వర్తించును. ఆంగ్లదేశమున 1963లో ప్రారంభమైన ‘డాక్టర్ హూ’ ధారావాహికలో, 1966లో నాయకపాత్రధారిని మార్చవలసివచ్చెను. రచయితలు ఆ మార్పును దాచక, నాయకుడు రూపము మార్చుకొనగలవాడని కథలోనే కల్పించిరి. ఇబ్బంది కాస్తా ఆయువుపట్టైనది.

మన తెలుగున 1991లో సింగీతము శ్రీనివాసరావుగారు ‘ఆదిత్య 369’ తీసిరి. కాలయంత్రము 1895 నాటి వెల్సు నవలనుండి వచ్చినదే. వెల్సు యాత్రికుడు భవిష్యత్తునకు పోయెను. సింగీతమువారి యంత్రము మొదట 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువునకు పోయినది. పిదపనే 2504 సంవత్సరమునకు, అణుయుద్ధానంతరము జనులు భూగర్భమున బ్రతుకు లోకమునకు. అరువు తెచ్చిన యంత్రము తెనాలి రామకృష్ణుని యెదుట దిగగానే మనదైపోయినది. ఇందు స్థలమార్పు అలంకారము కాదు, కథకు కీలకము.

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏ.డి.’ చిత్రమునకు నాగ్ అశ్విన్ దర్శకులు. సింగీతమువారు రచనలో మార్గదర్శకులుగా నుండిరి. ఇందు కురుక్షేత్రమున శాపగ్రస్తుడైన అశ్వత్థామ భవిష్యత్కాలపు కాశిలో ఇంకను బ్రతికియున్నాడు. చావు లేనివాడన్న పురాణోక్తిని అక్షరాలా గైకొనుటయే ఇచటి నేర్పు. భైరవుడును, మాటలాడు వాహనము బుజ్జియు పురాణమున లేనివారు. చిత్రమునకు ముందే వీరిరువురి కథ బొమ్మల ధారావాహికగా వెలువడినది. అయితే ప్రసిద్ధుల ముఖములు క్షణకాలము కనిపించి మాయమగు ఘట్టములు నాకు రుచింపలేదు. క్రొత్త ముఖము వేరు, క్రొత్త పాత్ర వేరు. బంగారక్కకు తనదైన కోపము, తనదైన మాట యుండెను. ఈ అతిథులకు అవి లేవు.

ఒక్క సంగతి మాత్రము మనసున మిగిలినది. ఆదిత్య యంత్రము 1526లో ఆగెను. మరి 39 ఏండ్లు ముందునకు జరిపినచో, 1565 నాటి యుద్ధమున ఓడి, ధనరాశులతో తిరుమలరాయలు పెనుగొండకు చేరిన దినములు కనబడును. వైభవము కాదు, పరాజయానంతరము రాజ్యమును మరల నిలుపుకొను ప్రయత్నము. ఆ కోట మన కన్నుల యెదుటనే యున్నది. కథకులెవరైన అచటికి యంత్రమును నడుపుదురేమో.