పడకగది పన్ను

1919 నాటి ఆడిసన్ చట్టము బ్రిటనులో శ్రామికులకు ఇండ్లు కట్టించు భారమును పురపాలక సంఘములపై నుంచెను. సంసారులకై కట్టిన ఆ యిండ్లలో మూడేసి పడకగదులు సామాన్యము. 2013 ఏప్రిలు నుండి ఆ గదులే అపరాధమాయెను. పింఛను వయసు రానివారికి, గది యొకటి అధికమైనచో లెక్కకు వచ్చు అద్దెలో నూటికి 14, రెండైనచో 25 చొప్పున ప్రభుత్వ సహాయము తెగినది. ప్రభుత్వము దీనిని రాయితీ తొలగింపు అనెను. జనులు పడకగది పన్ను అనిరి. నిజమునకు పన్ను కాకున్నను జనుల మాటయే నిలిచినది.

బిడ్డలు వెడలిపోయిన తల్లి చిన్న యింటికి మారుదమన్నను అట్టి యిండ్లు చాలినన్ని లేవు. కదలలేనివారు పెక్కురు అద్దె బాకీపడిరి. ఆ బాకీ యింటి యజమానియైన సంఘమునకే లోటాయెను. లండను ప్రభుత్వము కొంత విచక్షణానిధిని పంపి, ఎవరికి ఇయ్యవలెనో తేల్చు కష్టమును సంఘములకే విడిచెను. స్కాట్లండు మాత్రము 2014 నుండి ఆ కోతను తన నిధులతో పూరించుచున్నది.