బల్లమీది పొగబండి

పొగబండి అనే మాట ఇప్పుడు మన ఇళ్ళలో వాడేవారు తక్కువ. రైలు అన్న మాట దాన్ని ఎప్పుడో మింగేసింది. అయినా ఈ వ్యాసానికి ఆ పాతమాటే తగినది. ఇక్కడ చెప్పబోయేది పొగను గురించీ, ఒళ్ళో పట్టేటంత ఇంజనులో ఆ పొగను నిజంగా పుట్టించడానికి కొందరు పడిన పాట్లను గురించీ కనుక.

ఇంగ్లండులో చలికాలపు శనివారాల్లో ఏదో ఒక ఊళ్ళో, ఏ బడిహాలులోనో చర్చిహాలులోనో, నమూనా రైళ్ళ ప్రదర్శన జరుగుతూనే ఉంటుంది. టిక్కెట్టు కొని లోపలికి పోతే బల్లల మీద కొండలు, వంతెనలు, స్టేషన్లు, సిగ్నళ్ళు. వాటి వెనక నిలబడి మీటలు తిప్పుతూ నెరిసిన జుట్టు పెద్దమనుషులు. మనవాళ్ళు పిల్లలను తీసుకుపోయి వారిని బల్లల దగ్గర వదిలి, తాము టీ తాగుతూ ఓ మూల కూర్చోవడం కద్దు. పిల్లల ఆట అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఆట అవునుగాని ఆ ఆటకు నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన తాతముత్తాతలు చెమటోడ్చిన రైళ్ళకు కూడా ఒక చోటు ఉండవలసింది. ఆ చోటు ఇంకా దాదాపు ఖాళీగానే ఉంది.

మొదటినుంచీ చెప్పుకుందాం. 1898 జనవరిలో పెర్సివల్ మార్షల్ అనే ఆయన లండనులో ‘మోడల్ ఇంజనీర్’ అనే పత్రిక ప్రారంభించాడు. గుమాస్తాలు, కమ్మరులు, బడిపంతుళ్ళు సాయంత్రం ఇంటికి వచ్చి, పెరటి కొట్టులో చిన్న లేతు పెట్టుకుని యంత్రాలు చేసుకునే రోజులవి. ఆ ఏడే ఇటువంటివారి సంఘం ఒకటి లండనులో ఏర్పడింది. 1907లో పత్రికవారు తొలి ప్రదర్శన జరిపారు. ఇక 1910లో కేవలం రైళ్ళకోసమే పుట్టిన ‘మోడల్ రైల్వే క్లబ్’ తరువాతి కాలంలో ఏటేటా ఈస్టరు సెలవుల్లో వెస్ట్‌మినిస్టర్ సెంట్రల్ హాలులో పెట్టిన ప్రదర్శనలను తలుచుకునే వృద్ధులు ఇప్పటికీ ఉన్నారు.

వ్యాపారం చేసినవారిలో ముందుగా చెప్పుకోవలసింది నార్తాంప్టన్‌కు చెందిన బాసెట్ లోక్. తండ్రి బాయిలర్లు చేసేవాడు. 1899లో కొడుకు నమూనా ఇంజన్ల కొట్టు తెరిచాడు. 1900 పారిస్ ప్రదర్శనలో జర్మనీ బొమ్మల కంపెనీల పనితనం చూసి, ఇంగ్లీషు ఇంజన్ల పోలికతో నమూనాలు చేసిపెట్టమని నూరెంబర్గులోని బింగ్ కంపెనీతో ఏర్పాటు చేసుకున్నాడు. అంతవరకు దొరికేవి ఇంజను ఆకారంలో ఉన్న బొమ్మలు. ఆయన అమ్మినవి ఫలానా రైల్వేవారి ఫలానా ఇంజను అని గుర్తుపట్టగలిగినవి. ఈ తేడా చిన్నది కాదు. హెన్రీ గ్రీన్లీ అనే ఇంజనీరు ఆయనకు కుడిభుజం. కెంట్ సముద్రతీరంలో 15 అంగుళాల గేజి మీద, అసలు రైళ్ళలో మూడోవంతు కొలతతో, 1927లో మొదలై నేటికీ మనుషులను మోస్తున్న రామ్నీ హైత్ రైల్వేకు ఇంజనీరు ఈ గ్రీన్లీయే.

ఇప్పుడు అసలు కథ. 1920ల మొదట్లో ఆవిరితో నడిచే చిన్న ఇంజన్లు కొట్లలో దొరికేవి కాని వాటిలో చాలావాటికి నిప్పు స్పిరిటుది. బాయిలరు కింద ఒత్తుల దీపాలు వెలిగిస్తారు, నీళ్ళ గొట్టాలు వేడెక్కుతాయి, ఇంజను తనను తాను లాక్కుంటూ నాలుగు పెట్టెలను కూడా లాగుతుంది. పట్టాల మధ్య 2½ అంగుళాల ఎడమే ఉన్న ఇంజనులో అసలు ఇంజనులో మాదిరిగా బొగ్గు మండించడం, దానితో మనిషిని లాగించడం అసాధ్యమని పెద్దపెద్దవారే నమ్మారు. కాదు, సాధ్యమే అన్నవాడు ఒక మాజీ రైల్వే కార్మికుడు. పేరు లారెన్స్, స్నేహితులు కర్లీ అనేవారు. తాను ఒకప్పుడు పనిచేసిన లండన్ బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వే పేరులోని అక్షరాలనే కలంపేరుగా పెట్టుకుని ‘ఎల్.బి.ఎస్.సి.’గా రాసేవాడు.

ఈ వివాదానికి ‘బాయిలర్ల యుద్ధం’ అని పేరు పడింది. పత్రికలో ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి. 1924లో మోడల్ ఇంజనీర్ ప్రదర్శనలో మాటలు కట్టిపెట్టి ఇంజన్లనే పట్టాల మీద పెట్టారు. లారెన్స్ ఇంజను పేరు అయేషా. ముందు నాలుగు, నడుమ నాలుగు, వెనుక రెండు చక్రాలు కలది. అది బొగ్గుతో ఆవిరి తెచ్చింది, వెనక బండి మీద కూర్చున్న మనుషులను లాగింది. ఆ తరువాత అసాధ్యమనే మాట వినబడలేదు.

ఇందులో కిటుకు ఏమిటో కాస్త చూడాలి. అసలు ఇంజనును పదహారో వంతుకు తగ్గించామనుకోండి. పొడవు పదహారో వంతు అవుతుంది. కాని వేడి తగిలే వైశాల్యం 256వ వంతుకూ, లోపల పట్టే నీరు 4096వ వంతుకూ పడిపోతాయి. అన్నీ ఒకే లెక్కన తగ్గవు. పెద్ద ఇంజను బాయిలరులో వందలకొద్దీ పొగగొట్టాలు ఉంటాయి. అన్నిటినీ అదే లెక్కన తగ్గించి పెడితే ఒక్కొక్కటీ దబ్బనమంత సన్నమై, మొదటి పిడికెడు బూడిదకే పూడుకుపోతాయి. నిప్పుకు మన కొలబద్దతో పనిలేదు. లారెన్స్ చేసిందల్లా గొట్టాల సంఖ్య తగ్గించి లావు పెంచడం, నిప్పుగూటికి తగిన లోతు ఇవ్వడం, సిలిండర్ల నుంచి వాడిన ఆవిరిని పొగగొట్టంలోకి సరిగ్గా నడిమధ్యకు చిమ్మి ఆ ఊపుతో నిప్పుకు గాలి లాగించడం. ఇవేవీ కొత్త సూత్రాలు కావు, స్టీఫెన్సను కాలం నుంచి ఉన్నవే. కాని ఇంజను కిందా పైనా మసిలో పనిచేసిన మనిషికే వాటిలో ఏది వదలకూడదో, ఏది వదిలినా ఫరవాలేదో తెలిసింది. బయటికి కనబడే ఆకారంలో పోలిక, లోపలి పనిలో స్వేచ్ఛ. నా దృష్టిలో ఈ విద్యకు మర్మం ఇదే.

బాసెట్ లోక్‌ను ఇందులో దోషిగా నిలబెట్టడం మాత్రం న్యాయం కాదు. కొట్టులో కొని ఇంటికి తీసుకుపోయి కార్పెట్టు మీద నడుపుకునే తండ్రీకొడుకులకు స్పిరిటు ఇంజనే క్షేమం. ఆయన అమ్మింది వారికి. లారెన్స్ రాసింది తానే చేసుకోదలచినవాడికి.

రాయడం అంటే ఎలా రాశాడు! వారం వారం, దాదాపు నాలుగు దశాబ్దాల పాటు, పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టు రాశాడు. ఈ రేకు ఇంత కొయ్యి, ఆకురాయితో అంచు ఇలా రుద్దు, రాగిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచు, మెత్తబడ్డాక అచ్చు మీద సుత్తితో వంచు, వెండి కలిసిన టంకంతో అతుకు. చదువుకున్న ఇంజనీర్లకు ఈ ధోరణి కొంత మోటుగా తోచకపోలేదు. కాని ఎన్నడూ లోహం ముట్టనివారు కూడా ఆ వ్యాసాలు ముందు పెట్టుకుని ఇంజన్లు పూర్తిచేశారు. 1940ల చివర కొత్తవారి కోసం 3½ అంగుళాల గేజి మీద ఆయన రూపొందించిన ‘టిచ్’ అనే నాలుగు చక్రాల బుల్లి ఇంజను ఇవాళ్టికీ ఎందరో మొదటగా చేపట్టే పని. ఆయన 1967లో పోయాడు.

బాయిలరు అన్నది వేడుక వస్తువు కాదని కూడా చెప్పాలి. చిన్నదే అయినా చదరపు అంగుళానికి 80 పౌన్ల ఒత్తిడి దాని కడుపులో ఉంటుంది. అందుచేత కొత్త బాయిలరును నిప్పు పెట్టకముందే నీళ్ళతో నింపి, పనిచేసే ఒత్తిడికి రెట్టింపు ఇచ్చి, క్లబ్బు పరీక్షకుడు చూసి సంతకం పెట్టాలి. ఆ కాగితం లేనిదే ప్రదర్శనలో పట్టాల మీదికి రానివ్వరు.

బల్లల మీద నడిచే విద్యుత్తు రైళ్ళది మరో కథ. క్లుప్తంగా చెబుతాను. లివర్‌పూల్ వాసి ఫ్రాంక్ హార్న్‌బీ పేరు వినని పిల్లవాడు ఇంగ్లండులో ఉండేవాడు కాదు. 1920లో ఆయన రైళ్ళు, ఆయన మరణానంతరం 1938లో డబ్లో రైళ్ళు వచ్చాయి. అప్పటికే 16.5 మిల్లీమీటర్ల పట్టా వాడుకలోకి వచ్చింది. అడుగుకు 3.5 మిల్లీమీటర్ల లెక్కన అది అసలు 4 అడుగుల 8½ అంగుళాల గేజికి సరిగ్గా సరిపోతుంది. అయితే ఇంగ్లీషు ఇంజన్లు అమెరికా, ఐరోపా ఇంజన్లకంటే ఇరుకైనవి. అప్పటి మోటారు వాటిలో పట్టలేదు. ఏం చేశారు? పట్టాను అలాగే ఉంచి, ఇంజనును మాత్రం అడుగుకు 4 మిల్లీమీటర్లకు పెంచారు. ఫలితంగా ఇంగ్లండులోని నమూనా రైళ్ళు చాలామటుకు ఇవాళ్టికీ 4 అడుగుల 1½ అంగుళాల గేజి మీద, అంటే ఉండవలసినదానికి ఏడంగుళాలు తక్కువగా, పరుగెడుతున్నాయి! ఇది భరించలేని పట్టుదలగలవారు 18.83 మిల్లీమీటర్ల పట్టా తామే చేసుకున్నారు. లెక్క వేసి చూడండి, సరిగ్గా సరిపోతుంది.

ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో లాంగ్ విట్టెన్‌హామ్ అనే పల్లెలో పెండన్ మ్యూజియం ఉంది. దాన్ని 1954లో ప్రారంభించిన రాయ్ ఇంగ్లండ్ ఇంగ్లండువాడు కాడు. 1925లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన యువకుడు. ఇక్కడి గడ్డికప్పుల ఇళ్ళు ఒక్కొక్కటే కూలిపోతూ, మారిపోతూ ఉంటే ఆ పల్లెవాళ్ళకు పట్టలేదు. పైనుంచి వచ్చినవాడికి పట్టింది. ఇంటింటికీ పోయి కొలతలు తీసుకుని, తోటలతో సహా అట్టతో, రంగుతో చిన్నవిగా చేశాడు. ఆయన వెనక చేరినవారు ఆ పనిని దశాబ్దాలుగా కొనసాగించారు. అక్కడ రైలు కంటే రైలు పోయే లోయ ముఖ్యం. నమూనా అంటే దస్తావేజు అని నమ్మనివారు ఒకసారి వెళ్ళి చూసి రావచ్చు.

మన మాటకు వద్దాం. ఈ సంచిక చదివే కుటుంబాలలో కొందరి పూర్వులు మారిషస్ పోయారు, కొందరు నేటాల్, కొందరు మలయా. 1860 జూన్ 26న డర్బన్‌లో పాయింట్ రేవు నుంచి ఊళ్ళోకి రెండు మైళ్ళ రైలు మొదలయింది. దక్షిణాఫ్రికాలో జనాన్ని మోసిన తొలి ఆవిరి రైలు అదే. అదే ఏడు నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ ఒప్పంద కూలీలతో అదే రేవు చేరింది. ఆ తరువాత నేటాల్ ప్రభుత్వ రైల్వే వందలాది భారతీయులను పనిలో పెట్టుకుంది. 1880లో పీటర్‌మారిట్స్‌బర్గ్ చేరిన ఆ లైను 30 అడుగులకు ఒక అడుగు ఎక్కే నిట్రపు దారి. గ్లాస్గో డూబ్స్ కర్మాగారం 1888 నుంచి పంపిన ట్యాంకు ఇంజన్లు ఆ కొండను ఎక్కేవి. మలయాలో తైపింగ్ నుంచి పోర్ట్ వెల్డ్‌కు 1885లో తొలి లైను పడింది. మారిషస్‌లో 1864లో రైలు వచ్చింది, 1956లో ప్రయాణికుల బండ్లు ఆగాయి, 1964కల్లా మొత్తం మూతబడింది, పట్టాలు పీకేశారు. 2019 చివర మొదలయిన మెట్రో ఎక్స్‌ప్రెస్ ఆ పాత దారిలో చాలామటుకు పోతుంది కాని, ఆవిరి రైలును చూసినవారు అక్కడ ఇప్పుడు వృద్ధులే.

చిత్రం ఏమిటంటే మనవారు వెళ్ళిన దేశాలలో ఒక్కొక్కదానికీ ఒక్కొక్క గేజి. మారిషస్‌ది ఇంగ్లండు గేజి, కనుక కొట్టులో దొరికే పట్టాయే పనికొస్తుంది. నేటాల్ తొలి లైను కూడా అంతే. తరువాత 3 అడుగుల 6 అంగుళాలకు మార్చారు. దానికి దక్షిణాఫ్రికా ఔత్సాహికులు మంచి ఉపాయం కనిపెట్టారు. ఇంజనును 64వ వంతుకు చేస్తే అదే 16.5 మిల్లీమీటర్ల పట్టా సరిపోతుంది. మలయా మీటరు గేజికి 87వ వంతు లెక్కన 12 మిల్లీమీటర్ల పట్టా దాదాపు సరి. కష్టమల్లా మన ఆంధ్రదేశపు 5 అడుగుల 6 అంగుళాల పెద్ద లైనుతోనే. 4 మిల్లీమీటర్ల లెక్కన దానికి 22 మిల్లీమీటర్లు కావాలి. అటువంటి పట్టా తయారుగా ఎక్కడా అమ్మరు, ఒక్కొక్క బద్దీ అతికించుకోవలసిందే. పుణేలో భావుసాహెబ్ జోషీ 1998లో తెరిచిన చిన్న రైళ్ళ మ్యూజియం చూసినవారికి ఇటువంటి పని మన దేశంలోనూ అసాధ్యం కాదని తెలుస్తుంది.

తొందర ఎందుకంటే చేసేవారూ తరిగిపోతున్నారు. బర్మింగ్‌హామ్‌లో వార్లీ క్లబ్బు జరిపిన జాతీయ ప్రదర్శన దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. 2023 నవంబరులో జరిగినదే దానికి చివరిది. కర్లీ లారెన్స్ వ్యాసాలు పుస్తకాల్లో ఉన్నాయిగాని, రాగి ఏ రంగుకు తిరిగినప్పుడు టంకం పారుతుందో ఎదురుగా నిలబడి చూపేవాడు కావాలి. ఈ ప్రదర్శనల్లో మీటలు తిప్పే పెద్దమనుషులు అడిగితే చాలు, గంటసేపు చెబుతారు. టీ కప్పు పక్కన పెట్టి అడగాలి.

మన వంతు సామగ్రి మన ఇళ్ళలోనే ఉంది. పెట్టెల రంగు ఏమిటి, నీళ్ళతొట్టి స్టేషనుకు ఏ పక్కన ఉండేది, గ్యాంగువాళ్ళ పాకలు లైనుకు ఎంత దూరం, ఇవి ఏ కంపెనీ పటంలోనూ ఉండవు. పాత ఫొటోలు ఉంటే పారేయకండి. అందులో తాతగారు ఎవరో గుర్తుపట్టలేకపోయినా సరే, ఆయన కాళ్ళ దగ్గర రెండు పట్టాలూ కనబడితే చాలు. వాటి మధ్య ఎడమ ఎంతో మనకు ముందే తెలుసు కనుక, దాన్నిబట్టి పక్కనున్న చక్రం కొలత తేలుతుంది, పెట్టె మెట్టు ఎత్తు తేలుతుంది, పట్టాల నడుమ పార పట్టుకుని నిలబడిన మనిషి ఎన్ని అడుగులవాడో కూడా తేలుతుంది.