చలనచిత్ర కథలో నాయకుని కోరిక

ఉగాది నాటకమునకు కథ వెదికేటప్పుడల్లా మా చోళపురంలో ఒక తగవు వస్తుంది. అందరికీ తెలిసిన కథలో ఉత్కంఠ ఏముంటుందని పిల్లలు అడుగుతారు. తెలియని కథకు రాత్రంతా ఎవరు కూర్చుంటారని పెద్దలు అడుగుతారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళము నేర్చిన రాజపాళయం ప్రాంతము వారము కనుక, ఈ తగవుకు తీర్పును మేము పాత తెలుగు చిత్రములలో వెదికాము. వానిలో కొన్ని రెండు భాషలలోనూ ఆడినవే. పాఠకులు ఓపికతో చిత్తగింతురుగాక.

భరతుడు నాట్యశాస్త్రములో నాయకుని కార్యమునకు అయిదు అవస్థలు చెప్పాడు: ప్రారంభము, ప్రయత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము. ఒకడు ఒకదానిని కోరుతాడు, దానికై పాటుపడతాడు, దొరుకుతుందని ఆశపడుతూనే దొరకదేమోనని భయపడతాడు, అడ్డు తొలగి నమ్మకము కుదురుతుంది, తుదకు ఫలము చేతికి వస్తుంది. ప్రేక్షకుణ్ణి కుర్చీ అంచుకు లాగేది ఆ మూడవ మెట్టే. నేడు సినిమా విద్య చెప్పే చోట్ల నాయకుని లక్ష్యమనీ, సంఘర్షణ అనీ బోధించేది చాలావరకు ఇదే.

అయితే మన టాకీ పుట్టిన నాడు ఈ సూత్రము తెరమీదికి ఎక్కలేదు. 1932లో హెచ్. ఎం. రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద'లో సురభి నటులు వేషములు కట్టారు. ప్రహ్లాదుని కోరిక ఏమిటో, హిరణ్యకశిపుని పట్టుదల ఏమిటో జనానికి ముందే తెలుసు. రంగస్థలము మీద పద్యము అందుకోగానే కథ చేతులు కట్టుకొని నిలుచుండేది. తొలి టాకీలు ఆ అలవాటును వెంట తెచ్చుకొన్నవి. దీనిని మేము దోషమనము. ఆనాటి ప్రేక్షకుడు రాగము కొరకే డబ్బు ఇచ్చాడు.

1938లో గూడవల్లి రామబ్రహ్మము 'మాలపిల్ల' తీశారు. కథ చలముది. ఇక్కడ నాయకుని కోరికకు అడ్డు రాక్షసుడు కాడు, కన్నతండ్రి. ఆలయ ధర్మకర్త కొడుకు హరిజన కన్యను ప్రేమించాడు. గుడి తలుపు ఆమె వారికి మూసి ఉన్నది. ఆ తలుపు తెరచుకొంటుందా లేదా అన్నది చూచేవారికి నిజముగానే తెలియదు, ఎందుకంటే అప్పటికి బయట ఊళ్ళలోనూ చాలాచోట్ల అది తెరచుకోలేదు. మాకు చేరువనున్న మధుర మీనాక్షి ఆలయములో వైద్యనాథయ్యరు హరిజనులను వెంటబెట్టుకొని ప్రవేశించినది ఆ మరుసటి ఏడు, 1939 జూలై 8న. తెరమీది ఉత్కంఠ వీధిలోని ఉత్కంఠ ఒక్కటైన చిత్రములు మనకు అట్టే లేవు.

ఇక 1951. మద్రాసు రాష్ట్రమునకు మా రాజపాళయం వాసి పూసపాటి కుమారస్వామిరాజుగారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజులు. ఆ సంవత్సరము విజయావారి 'పాతాళభైరవి' వచ్చింది, తమిళములోనూ అదే ఏట వచ్చింది. కె. వి. రెడ్డిగారి దర్శకత్వము, పింగళి నాగేంద్రరావుగారి కథ. మా దృష్టిలో కథ అల్లిక నేర్వదలచిన వారికి ఇది పెద్దబాలశిక్ష. తోటరాముడు రాకుమారిని కోరాడు. తనతో సరితూగే సంపద తెమ్మన్నాడు రాజు. నేపాళ మాంత్రికునికి పాతాళభైరవి ప్రతిమ కావాలి, దానికి సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇవ్వాలి. చూడండి, రామునికి సంపద కావాలంటే మాంత్రికుని వెంట పోవాలి. మాంత్రికునికి ప్రతిమ కావాలంటే రాముని తల కావాలి. ఇద్దరూ ఒకే గుహకు, ఒకే బొమ్మ ముందుకు, చెరొక కోరికతో నడుస్తారు. అక్కడ మాంత్రికుడే బలి అయి, బొమ్మ రాముని చేత పడుతుంది. చిన్న కథకుడైతే అక్కడ శుభము పలికేవాడు. పింగళివారు అలా వదలలేదు. పెండ్లి ముంగిట ప్రతిమ దొంగిలింపబడుతుంది, శిష్యుని చలవతో బ్రతికి లేచిన మాంత్రికుడు రాకుమారిని మేడతో సహా మాయము చేస్తాడు. చేతికి అందినది చేజారినప్పటి బాధ, ఎన్నడూ అందని దాని బాధకంటె ఎక్కువని ఆయనకు తెలుసు.

అదే సంవత్సరము డిసెంబరులో బి. ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి' వెలువడింది. విజయనగరపు రోజులలో దక్షిణానికి వచ్చామని చెప్పుకొనే కుటుంబములు మా వైపు ఎన్నో గలవు గనుక, ఆ చిత్రము మీద మాకు కొంత పక్షపాతము ఉన్నదేమో. అందులో దుర్మార్గుడు లేడు. మారువేషములో వచ్చిన రాయలతో నాగరాజు వేళాకోళానికి మల్లికి పల్లకి పంపమంటాడు. పల్లకి నిజముగానే వస్తుంది. కోరిన కోరికను నాయకుని నోటి మాటే అడ్డగించింది. రాయలు దయాశీలి, మల్లి తల్లి కూతురి సుఖమే కోరింది. అయినా ఇద్దరి మధ్య రాణివాసపు గోడ లేచింది. కత్తి దూసే శత్రువు ఉన్న కథకంటె ఇది వ్రాయుట కష్టమని మా అభిప్రాయము.

1953లో రెండు భాషలలోనూ నాగేశ్వరరావు, సావిత్రి నటించిన 'దేవదాసు'ను కొందరు లక్ష్యము లేని నాయకుని కథ అంటారు. అది సరి కాదు. కోరవలసిన వేళ కోరలేక, కోరుకొనేసరికి పార్వతి పరాయి ఇంటిది అయింది. చావబోయే ముందు ఆమె గుమ్మము చేరాలన్న ఆ ఒక్క ప్రయాణమే అతని అసలు ప్రయత్నము. ఊరు చేరతాడు గాని గుమ్మము దాటడు.

తెలిసిన కథకు తిరుగులేని సాక్ష్యము 1957 నాటి 'మాయాబజార్'. శశిరేఖా పరిణయము జనానికి కొత్త కాదు, 1936లోనే ఒకసారి తెర కెక్కింది. అభిమన్యునికి పెండ్లి అవుతుందా అని అడిగేవారు లేరు. కె. వి. రెడ్డిగారు ఆ ప్రశ్నను పక్కన పెట్టి, ఘటోత్కచుడు శశిరేఖ రూపములో కౌరవుల విడిదిలో ఎంతసేపు పట్టుబడకుండా నిలుస్తాడన్న ప్రశ్న వేశారు. మనకు తెలిసినది తెరమీద ఉన్నవారికి తెలియదు, నవ్వూ భయమూ అక్కడే పుట్టాయి. తమిళములో అభిమన్యునిగా నాగేశ్వరరావు స్థానమున జెమినీ గణేశన్ నటించాడు. సావిత్రి, రంగారావు, రామారావు మారలేదు, మాటలు మాత్రము మారాయి. రెండింటిలోనూ కల్యాణ మంటపములో మాయా శశిరేఖ లక్ష్మణకుమారుని పాదము తొక్కుతుంటే, మరొక చోట అసలు శశిరేఖ మెడలో అభిమన్యుడు తాళి కట్టాలి. ఇక్కడి మాయ క్షణము ముందు బయటపడితే అక్కడి ముడి పడదు.