ఐస్ హాకీ అరీనా: తెరవెనుక పని చరిత్ర

ఐస్ హాకీ అరీనాలో ఆటకు ముందే మొదలై, ఆట ముగిశాక కూడా సాగే పనులు చాలా ఉన్నాయి. నేలను గడ్డకట్టించడం, విరామాల్లో దాన్ని చెక్కి నునుపు చేయడం, ఆట బిళ్లలైన పక్‌లను ఫ్రీజర్లో ఉంచడం, స్కేట్లకు పదును పెట్టడం, గాయపడినవాళ్లను చూసుకోవడం, రాత్రికి రాత్రి ఐసు మీద బాస్కెట్‌బాల్ కోర్టు పరచడం, అన్నీ ఇందులోకే వస్తాయి. మొదటిది లేకపోతే మిగతావేవీ లేవు కాబట్టి ఈ చరిత్రలో సింహభాగం ఐసుదే.

మాంట్రియల్‌లో 1862లో తెరిచిన విక్టోరియా స్కేటింగ్ రింకుకు పైకప్పు ఉంది, గ్యాసు దీపాలు ఉన్నాయి. గడ్డకట్టించే యంత్రం మాత్రం లేదు. ఆ పని కెనడా చలికాలం చూసుకునేది. నాలుగు గోడల మధ్య పద్ధతి ప్రకారం జరిగిన తొలి హాకీ ఆటకు 1875 మార్చి 3న వేదికైంది ఆ రింకే. బంతి ఎగిరి చూసేవాళ్ల మీద పడుతుందేమోనని ఆ రోజు చదునైన చెక్కబిళ్లతో ఆడారు. ఆ కాలపు రింకుల్లో పనివాళ్ల సరంజామా పారలు, చీపుళ్లు, నీళ్ల పీపాలు. స్కేట్లు లేపిన ఐసు పొడిని తోసేసి, బండి మీద పీపా పెట్టి లాగుతూ నీళ్లు చల్లి, ఇక చలికి వదిలేసేవారు. వాతావరణం వేడెక్కితే ఆట రద్దు.

కృత్రిమ ఐసు నేల హాకీ కోసం పుట్టలేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల నుంచి మాంసం చెడకుండా తెచ్చే ఉపాయం వెతుకుతున్న ఇంగ్లండ్ పశువైద్యుడు జాన్ గామ్‌జీకి ఆ దారిలోనే ఇది చేతికందింది. 1876లో లండన్ చెల్సీ ప్రాంతంలో ఆయన గ్లేసియారియం అనే చిన్న రింకు తెరిచాడు. కాంక్రీటు మీద మట్టి, ఆవు వెంట్రుకలు, చెక్క పలకలు పొరలుగా వేసి, పైన రాగి గొట్టాలు పరిచి, వాటిలో గ్లిజరిన్, ఈథర్ కలిసిన చల్లని ద్రవాన్ని పారించాడు. ఈనాటి గొట్టాలు కాంక్రీటులో కూరుకుని ఉంటాయి, వాటిలో పారేది ఉప్పునీరో గ్లైకాలో. సూత్రం మాత్రం మారలేదు.

హాకీని వ్యాపారంగా మార్చినవాళ్లలో ఈ గొట్టాల విలువ బాగా పసిగట్టింది పాట్రిక్ సోదరులు. తండ్రి కలప వ్యాపారం అమ్మగా వచ్చిన డబ్బుతో లెస్టర్, ఫ్రాంక్ 1911లో విక్టోరియా, వాంకూవర్ నగరాల్లో కెనడాలోనే మొదటి కృత్రిమ ఐసు అరీనాలు కట్టించారు. పసిఫిక్ తీరంలో చలి అంతంతమాత్రం. చెరువులు గట్టిగా గడ్డకట్టని చోట లీగు నడపాలంటే వేరే దారి లేదు. వాంకూవర్‌లోని డెన్‌మన్ అరీనా 1936లో కాలిపోయింది కానీ, అప్పటికి హాకీ చలికాలాన్ని నమ్ముకోవడం మానేసింది. ఈనాడు లాస్ ఏంజెలెస్‌లోనూ ఫ్లోరిడాలోనూ హాకీ జట్లున్నాయంటే ఆ ఘనతలో ఆటగాళ్ల వాటా తక్కువ, కంప్రెసర్ల గదిలో పనిచేసేవాళ్ల వాటా ఎక్కువ.

ఐసు పరచడమంటే నీళ్లు పోసి ఊరుకోవడం కాదు. చల్లబడిన కాంక్రీటు మీద నీటిని పొగమంచులా చిమ్ముతూ, సున్నం కొట్టినట్టు పొర మీద పొర వేస్తారు. కొన్ని పొరలయ్యాక తెల్లరంగు, దాని మీద గీతలు, వృత్తాలు, చిహ్నాలు, మళ్లీ నీటి పొరలు. అన్నీ కలిపి మందం రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. ఉపరితలం మైనస్ 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అంతకంటే వెచ్చనైతే ఐసు మెత్తబడి పక్ నెమ్మదిస్తుంది, మరీ చల్లనైతే పెళుసుబారి పెచ్చులు లేస్తుంది. నేషనల్ హాకీ లీగ్‌లో ఐసుకు తెల్లరంగు వేయడం 1949-50 సీజన్‌లో మొదలైంది. అంతకుముందు కింది కాంక్రీటు బూడిదరంగు పైకి కనిపిస్తుండేది, దాని మీద నల్లటి పక్‌ను చూపు పట్టుకోవడం కష్టమయ్యేది.

ఈ చరిత్రలో అందరికీ తెలిసిన పేరు ఫ్రాంక్ జాంబోనీ. కాలిఫోర్నియాలో తమ్ముడితో కలిసి ఐసు దిమ్మల ఫ్యాక్టరీ నడిపేవాడు. ఇళ్లలోకి ఫ్రిజ్‌లు రావడంతో దిమ్మలకు గిరాకీ పడిపోయింది. ఉన్న యంత్రాలనూ తెలిసిన పనినీ వదులుకోలేక 1940లో పారమౌంట్‌లో ఐస్‌ల్యాండ్ అనే రింకు తెరిచాడు. అక్కడ నేల సరిచేయాలంటే ట్రాక్టరు వెనుక గీరుడు బ్లేడు కట్టి లాగాలి, ముగ్గురు నలుగురు పొడి ఎత్తిపోయాలి, నీళ్లు చల్లాలి, తుడవాలి, గడ్డకట్టేదాకా ఆగాలి. గంటకు పైగా పట్టేది. ఆ గంటసేపు టిక్కెట్టు కొన్నవాళ్లు గట్టున కూర్చోవాల్సిందే. ఏళ్ల తరబడి తంటాలుపడి, యుద్ధం తర్వాత దొరికిన సైనిక వాహనాల భాగాలు కూడా వాడి, 1949లో ఆయన ఈ పనులన్నీ చేసే యంత్రం మోడల్ ‘ఎ’ను సిద్ధం చేశాడు. 1953లో పేటెంటు వచ్చింది. మూడు ఒలింపిక్ స్వర్ణాల స్కేటర్ సోన్యా హెనీ ఆ రింకులో సాధన చేస్తూ యంత్రాన్ని చూసి తన ప్రదర్శనలకూ ఒకటి కావాలంది. ఆమె ఊరూరా తిప్పిన ప్రదర్శనే దానికి ప్రచారమైంది.

యంత్రం చేసే పని వినడానికి తేలిక. దాదాపు రెండు మీటర్ల పొడవైన బ్లేడు గీతలుపడ్డ పైపొరను చెక్కుతుంది, మరచుట్టు కడ్డీలు ఆ పొడిని తొట్టిలోకి ఎత్తుతాయి, వెనుక వేలాడే గుడ్డ వేడినీటిని పలుచగా పరుస్తుంది. వేడినీరే ఎందుకంటే, అది పాత ఐసును కాస్త కరిగించి దానితో ఏకమవుతుంది. అందులో కరిగిన గాలి కూడా తక్కువ కాబట్టి పొర గట్టిగా వస్తుంది. నైపుణ్యమంతా డ్రైవరు చేతిలో ఉంది. బ్లేడు ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ దించినా గాడిపడుతుంది, ఆ గాడిలో ఎవరి చీలమండో ఇరుక్కుంటుంది.

సరంజామా ఎంత ఉన్నా భవనం మొండికేసిన రోజులున్నాయి. 1975 మే 20న బఫెలో మెమోరియల్ ఆడిటోరియంలో నేషనల్ హాకీ లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ ఫైనల్ మూడో ఆట. బయట ఉక్కపోత, లోపల ఎయిర్ కండిషనింగ్ లేదు. వెచ్చని తేమగాలి ఐసును తాకి దట్టమైన పొగమంచయింది. ఆట పలుమార్లు ఆగింది. దాన్ని చెదరగొట్టడానికి మనుషులు ఐసు మీద చుట్లు కొట్టారు. 1988 మేలో బోస్టన్ గార్డెన్‌లో కరెంటు పోయి ఏకంగా ఫైనల్‌లోని ఒక ఆటనే వదిలేయాల్సి వచ్చింది.

అదే బఫెలోలో 1989 మార్చి 22న గోలీ (గోల్‌కీపర్) క్లింట్ మలార్చుక్ మెడను మరో ఆటగాడి స్కేటు కోసేసింది. జట్టు ట్రైనర్ జిమ్ పిజుటెల్లీ వియత్నాం యుద్ధంలో సైనిక వైద్య సహాయకుడిగా పనిచేసినవాడు. పరుగెత్తుకొచ్చి, మెడలో చేయిపెట్టి రక్తనాళాన్ని నొక్కిపట్టి ప్రాణం నిలబెట్టాడు. ఆటగాళ్ల కథలు చెప్పుకునే ఊపులో ఈ పేరు తరచు జారిపోతుంది.

ఐసు పనివాళ్లకు చిలిపితనమూ తక్కువేం కాదు. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌కు ఎడ్మంటన్ నుంచి వెళ్లిన ట్రెంట్ ఎవాన్స్ నేల మధ్యన, ఐసు కింద, ఒక కెనడా డాలరు నాణెం దాచాడు. కెనడా మహిళలూ పురుషులూ ఇద్దరూ స్వర్ణం గెలిచారు. పురుషులకు అది 50 ఏళ్ల తర్వాత వచ్చింది. ఆ నాణెం టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరింది. 2020 ఫిబ్రవరి 22న ఇంకో వింత. కరోలైనా హరికేన్స్ గోలీలిద్దరూ గాయపడటంతో, జాంబోనీ యంత్రం నడిపిన అనుభవమున్న 42 ఏళ్ల అరీనా ఉద్యోగి డేవిడ్ ఐర్స్ అత్యవసర గోలీగా దిగాడు. పది షాట్లలో ఎనిమిది ఆపాడు. ప్రత్యర్థి టొరంటో సొంతగడ్డ మీద 6-3తో ఓడింది.

ఈ పనిలో ప్రాణాపాయమూ ఉంది. చాలా రింకుల్లో చల్లదనం వచ్చేది అమోనియా నుంచి. చవక, సమర్థం, విషం. బ్రిటిష్ కొలంబియాలోని ఫెర్నీలో 2017 అక్టోబరు 17న అమోనియా లీకై అరీనాలో పనిచేస్తున్న ముగ్గురు చనిపోయారు. పాతబడి లీకవుతున్న శీతలీకరణ పరికరమే కారణమని దర్యాప్తులో తేలింది. పెట్రోలు, గ్యాసుతో నడిచే ఐసు యంత్రాల పొగ మూసిన భవనాల్లో చేరి జనం అస్వస్థులైన సందర్భాలూ ఉన్నాయి. అందుకే బ్యాటరీ యంత్రాలు పెరిగాయి, కొన్ని కొత్త రింకులు కార్బన్ డయాక్సైడ్‌తో చల్లబరిచే పద్ధతికి మారాయి. 2021లో తెరిచిన సియాటిల్ క్లైమేట్ ప్లెడ్జ్ అరీనాలో ఐసు యంత్రాలు కరెంటువే. పైకప్పు మీద పడిన వాననీటిని అక్కడ తొట్లలో పట్టి, ఐసు పరచడానికి వాడుతున్నారు.